కర్త లేని వాక్యాలు

సుత్తి అనకూడదు.
రోలరనీ, పంజా అనీ, మర అనీ అనకూడదు.
మొదటి వారమంతా ఒక్తావియాన్
మా నోళ్లకు వేసిన తాళమిది.
వస్తువు పేరెత్తితే ఆలోచన అక్కడే చతికిలబడుతుందట.
"ఏం కావాలో వద్దు, ఏం జరగాలో చెప్పండి."

బోర్డు మీద ఒక పెట్టె గీశాడు.
ఎడమనుంచి మూడు బాణాలు:
లావుది అక్రోటు కాయలు,
సన్నది కరెంటు,
చుక్కలది కబురు.
కుడివైపు చితకని పప్పు, పెంకు, వేడి,
హాని అని ఎర్రగా మెలితిప్పిన గీత: చప్పుడు.
మధ్యలో చీకటి.

ఆ చీకటిని ముక్కలు కోశాం.
కాయను నిలబెట్టు.
కాయను పట్టుకో.
పెంకును నొక్కు.
నొక్కుడు ఆపు.
పప్పును వేరుచెయ్యి.
క్రియ ఉంది, కర్మ ఉంది,
కర్త లేడు.
ఉండకూడదు కూడా. వచ్చి కూచున్నాడంటే
తన పనిముట్టును వెంటేసుకొస్తాడట.

నాలుగో గడి దగ్గర చిక్కుపడ్డాం.
ఆపు, సరే. ఎప్పుడు?
ఎవరు చెబుతారు ఆపమని?
చుక్కల బాణం ఎక్కణ్ణుంచి గీయాలో తెలీక
రోదికా చెక్కిన పెన్సిలునే మళ్లీ చెక్కుతూ కూచుంది.

జనవరి. ద్నీస్తర్ నది అంచులు పేరుకున్నాయి.
సొరోకాలో బస్సు దిగి,
బురద రాయయిపోయిన దారిలో నడిస్తే
జినోవియా కొట్టం.
ఆరుగురు ఆడవాళ్లు, ఆరు చెక్కమొద్దులు.
"మీరేం చేస్తారు?" అడిగాను, కాగితం చూసుకుంటూ.
"కనబడటంలా? కాయలు కొడతా."
రాసుకున్నాను: కాయను కొట్టు.
రెండు గంటలు పక్కన కూచున్నాక
ఆ మాటనే కొట్టేశాను.

ఆమె కొట్టేది ఒక్క దెబ్బ.
రెండోది దెబ్బ కాదు, అడగడం.
మూడోది తగలనే తగలదు,
సుత్తి గాల్లో ఉండగానే
ఎడమచేతి బొటనవేలు జవాబు వినేసి ఉంటుంది.
కొట్టడం కాదు ఆమె పని,
ఆ వెంట్రుకవాసి వేళకి
కొట్టకుండా ఉండడం.

ఇంకొకటి చూశాను.
మా బొమ్మలో పెంకు బయటికి పోయే బాణం,
కొసన 'వ్యర్థం' అని ఉంటుంది.
ఇక్కడ పెంకు పొయ్యిలోకి పోతుంది,
పొయ్యి సెగ వేళ్లలోకి.
కొయ్యబారిన వేలికి పగులు తెలీదు,
నిన్నటి పెంకు కాలితేనే ఇవాళ్టి పెంకు మాట్లాడుతుంది.
పొమ్మన్న బాణం చుట్టూ తిరిగొచ్చి
నాలుగో గడి తలుపు తడుతోంది.
ఇక పెట్టె అంచు ఎక్కడ గీయను?
పొయ్యిని లోపల పెట్టాలా?
పొయ్యి మీది టీని?
తలెత్తకుండా, చప్పుడును బట్టి
"నీ చేతిలోది పుచ్చుదే" అని చెప్పే
పక్కమొద్దు తెక్లాను?

బొమ్మ చూపించమంది జినోవియా.
కళ్లద్దాలు కొంగున కాదు, చొక్కా చేతికి తుడుచుకుని
గడిగడీ చూసింది.
"ఇందులో నేనెక్కడ?"
"మీరు... మీరు చేసే పనులున్నాయి."
"పనులు కనబడుతున్నాయిలే."
అంతకు మించి ఏమీ అనలేదు.
యంత్రం కుదిరితే ఈ ఆరు మొద్దులు ఏమవుతాయో
ఏ బాణమూ అడగదు, నేనూ అడగలేదు.
కాగితం తిరిగిచ్చేటప్పుడు
మసీ పప్పునూనే కలిసిన బొటనవేలు
'ఆపు' పక్కన అంటుకుంది.

కిషినేవులో, సమీక్ష రోజున,
స్కాన్ చేసిన బొమ్మ గోడంత పెద్దదై పడింది.
"ఆ కోలగా ఉన్నది ఏ పని?" అడిగారు పెద్దాయన.
రోదికా నా వంక చూసింది.
ఒక్తావియాన్ లేచి, దగ్గరికెళ్లి,
ఆ గీతల సుడిని చాలాసేపు చూశాడు.
"చుక్కల బాణం దీన్నుంచే గీయండి."
ఏమని రాయమంటారు?
"ఇంకా పేరు పెట్టకండి."

రాత్రి గదికొచ్చి
ఆమె కోటు జేబులో కుక్కిన కాయల్లో ఒకటి తీసి
తలుపు సందున పెట్టి నొక్కాను.
మెల్లగానే నొక్కాను.
వింటూనే నొక్కాను.
నుజ్జయింది,
పెంకూ పప్పూ ఒకటై.